లాకు తలుపు

ఐదుంబావుకి కంపెనీ బస్సు లాకుల దగ్గర ఆగుతుంది.
అంతకు ముందే మంచం అంచున కూచుని
చీలమండ మీద బొటనవేలు నొక్కి చూసుకుంటాను.
గుంట పడి, పూడిపోతే మంచి రోజు.
దమ్ము చేసిన మడిలో అడుగులా
అలాగే ఉండిపోయిందా,
రాత్రి ఎండుచేపల పులుసు వద్దనలేకపోయానని.

బూట్లు ఒక సైజు పెద్దవి అడిగాను.
స్టోరు కుర్రాడు నవ్వాడు.
ఇంకా పెరుగుతున్నానన్నాను,
ఇరవై నాలుగేళ్లకి.

ఎనిమిది గంటలూ నిలబడే, ఐసు నీళ్లలో.
తల తుంచు, పెంకు ఒలుచు, నరం లాగు,
నలభై కౌంటు ఇటు, అరవై అటు.
రొయ్యకి గుండె తలకాయలో ఉంటుందని
సూపర్‌వైజరు నూకరాజు ఓ రోజు ఊరికే చెప్పాడు.
ఆ పూట నా తూకం రెండు కిలోలు తగ్గింది.

నాది మాత్రం ఉండాల్సిన చోటే ఉంది.
భీమవరంలో తెర మీద చూపించారు:
నలుపూ తెలుపూ, మధ్యలో ఎరుపూ నీలం
ఎగజిమ్ముతూ.
వాల్వు సరిగ్గా మూసుకోవట్లేదమ్మా,
చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చిందా?
అమ్మ నా మోకాళ్ల వంక చూసింది.
ఏడో తరగతిలో వాచాయి.
వావిలాకు కట్టాం, తగ్గిపోయిందనుకున్నాం.

నాన్న ముప్పై ఏళ్లు లాకుల మీద లస్కరు.
ఆయనకి బొమ్మ అక్కర్లేదు.
"తలుపు అడుగున చెక్క నానిపోయుంటది,
మూసినా నీరు మళ్లుద్ది, అంతే కదండీ" అన్నాడు.
డాక్టరు తలూపాడు.
"మాకైతే వేసవిలో కాలవ కట్టేస్తారండి,
అప్పుడు బాగుచేసుకుంటాం.
మరి దీన్ని..."
అని ఆగిపోయి
తువ్వాలు ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు.

ఇరవై ఒక్క రోజులకోసారి పెన్సిలిన్ సూది.
చెరువుల వాళ్లు అమావాస్యకి లెక్క చూసుకుంటారు,
రొయ్య పెంకు విడిచే రోజులని.
నేను క్యాలెండర్లో నా తేదీకి సున్నా చుట్టుకుంటాను.
ఆ రోజు కాళ్ల నొప్పికి తుంటి నొప్పి తోడు.
బస్సులో కిటికీకి ఒరిగి కూచుంటే
నిద్రపోతున్నాననుకుంటారు.

నీళ్లబిళ్ల సంగతి వేరు.
పొద్దున్నే వేసుకోమన్నాడు.
వేసుకుంటే గంటలో మూడుసార్లు లేవాలి.
లేవాలంటే టోకెను కావాలి.
పూటకి రెండు, పసుపు ప్లాస్టిక్కువి,
గుమ్మం దగ్గర మేకుకి తగిలించి వెళ్లాలి.
చీటీ రాసిన డాక్టరుకి టోకెన్ల సంగతి తెలీదు.
టోకెన్లిచ్చిన వాళ్లకి గుండె సంగతి చెప్పలేదు,
చెబితే రేపట్నించి నాకోసం బస్సు ఆగదు.
అందుకని సాయంత్రం నాలుగింటికి వేసుకుంటాను,
రాత్రంతా దొడ్లోకీ మంచానికీ తిరుగుతాను.

మొన్న బూట్లు విప్పుతుంటే
పక్క బల్ల వరహాలు చూసింది.
మేజోడు అంచు, కాలికి తాడు కట్టినట్టు.
ఏమీ అడగలేదు.
మర్నాడు నా టిఫిను డబ్బా మూత మీద
రెండు టోకెన్లు.
"నాకు నీళ్లు తాగే అలవాటు తక్కువలే" అంది,
అటు తిరిగి టోపీ సర్దుకుంటూ.
అబద్ధం. సీసాలకి సీసాలు తాగుద్ది.

ఈవేళ బస్సు దిగి ఇంటికి పోలేదు.
లాకు మెట్ల మీద కూచుని పాదాలు కాలవలో పెట్టాను.
ఐసు కాని నీళ్లు, ఎండకి కాగినవి,
గుర్రపుడెక్క వేళ్లు మడమకి తగులుతూ.
నాలుగింటి బిళ్ల వేసుకోలేదు.
పొద్దుటికి ఉంచాను.
వెనక, మూసిన తలుపు సందులోంచి
సన్నగా, ఆగకుండా,
ష్... ష్... మని.
నా వీపు మీద గొట్టం పెట్టి
డాక్టరు అంతసేపు విన్నది ఇదే కాబోలు.

నాన్న వచ్చి పై మెట్టు మీద కూచున్నాడు.
చాలాసేపటికి,
"అడుగు చెక్క మార్చాలని రాసి పంపి
నాలుగేళ్లయింది" అన్నాడు.
లాకు గురించే.